మైసెల్ఫ్‌తో మొదలెట్టకండి

పోయిన నెల ఈ పేజీ చివర ఒక ముక్క రాశాను, ఇంటర్వ్యూల గురించి ఏమన్నా అడగాలనుంటే అడగండి అని. ఇన్ని ఉత్తరాలు వస్తాయని మాత్రం అనుకోలేదు. నేను 22 ఏళ్లు హైదరాబాద్ కంపెనీల్లో టేబుల్‌కి అవతల, అంటే ప్రశ్నలు అడిగేవాళ్ల వైపు కూర్చున్నదాన్ని. అక్కడ కూర్చుంటే ఏం కనబడుతుందో అది చెప్పగలను, మోటివేషన్ స్పీచ్ మాత్రం నా వల్ల కాదు. చోటు లేక ఏడు ప్రశ్నలే తీసుకున్నాను. పేర్లు ఎవరివీ వేయలేదు, కొందరు వద్దన్నారు, మిగతావాళ్లవి నేనే తీసేశాను.

ప్రశ్న: మేడం, మాది నరసరావుపేట దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీటెక్ ఈసీఈ 2024లో అయింది. నాలుగు ఇంటర్వ్యూలు పోయాయి. రాతపరీక్ష బాగానే దాటుతాను కానీ లోపలికెళ్లాక 'టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్' అనగానే బట్టీ పట్టింది సగంలో మర్చిపోతాను. ఫ్రెండ్స్ స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరమంటున్నారు. నాన్న మిర్చి రైతు, ఇంకా ఆయన దగ్గర డబ్బులు అడగాలంటే సిగ్గేస్తోంది. నా ఇంట్రడక్షన్, రెజ్యూమే పంపుతున్నాను, చూసి చెప్పండి.

జవాబు: చూశాను బాబూ. "మైసెల్ఫ్ ఫలానా, బోర్న్ అండ్ బ్రాట్ అప్ ఇన్ పల్నాడు డిస్ట్రిక్ట్, మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్, మై మదర్ ఈజ్ ఎ హౌస్‌వైఫ్, మై స్ట్రెంత్స్ ఆర్ హార్డ్ వర్క్ అండ్ పాజిటివ్ యాటిట్యూడ్, మై వీక్‌నెస్ ఈజ్ ఐ బిలీవ్ పీపుల్ ఈజీలీ." ఇది నీ ఇంట్రడక్షన్ కాదు, రెండు రాష్ట్రాలదీ కలిపి ఒకటే. క్యాంపస్ డ్రైవ్‌లకి వెళ్లిన రోజుల్లో పొద్దున తొమ్మిదిన్నరకి మొదలుపెడితే మధ్యాహ్నం భోజనాలకి లేచేసరికి ఇదే పాఠం పదిహేను సార్లు వినేవాళ్లం. మనుషుల్ని ఇట్టే నమ్మేస్తాను అని అందరూ వరసగా చెబుతుంటే పక్కనున్న సహోద్యోగి నా కాలు తొక్కేవాడు, నవ్వకుండా ఉండలేక.

నువ్వు ఆగిపోతున్నది ఇంగ్లిష్ రాక కాదు. బట్టీ పట్టింది గనక ఆగిపోతున్నావు. ఎక్కాలు చెప్పేవాణ్ని మధ్యలో ఆపి చూడు, మళ్లీ మొదటికొస్తాడు. జరిగిన సంగతి చెప్పేవాడికి ఆ బాధ లేదు, మధ్యలో ఎవరొచ్చి పలకరించినా "ఆ, ఎక్కడున్నాను" అని మళ్లీ అందుకుంటాడు.

నీ రెజ్యూమేలో ప్రాజెక్టు 'స్మార్ట్ ఇరిగేషన్ యూజింగ్ ఐఓటీ' అని ఉంది, అంటే మట్టిలో తడిని సెన్సార్‌తో కొలిచి దాన్నిబట్టి నీళ్లు పెట్టే ఏర్పాటు. ఈ ప్రాజెక్టు ఈసీఈ పిల్లల్లో చాలామంది రాస్తారు, అమీర్‌పేటలో రిపోర్టుతో సహా బైండింగ్ చేసి అమ్ముతారని మాకూ తెలుసు. అందుకే మొదట అడిగేది "పొడి మట్టిలో సెన్సార్ ఎంత చూపించింది?" అని. ఆర్డ్యూనో అనే చిన్న సర్క్యూట్ బోర్డులో ఆ రీడింగు 0 నుంచి 1023 మధ్య వస్తుంది, మార్కెట్‌లో దొరికే ఆ చవక సెన్సార్లలో చాలావాటికి మట్టి ఎండేకొద్దీ అంకె పెరుగుతుంది. సొంతంగా చేసినవాడు ఠక్కున చెబుతాడు. కొన్నవాడు పైకప్పు చూస్తాడు.

నీది కొన్నదో చేసిందో నేను అడగను. ఆ కిట్ ఇంట్లో ఉంటే బయటికి తియ్, లేకపోతే సెన్సార్ పెద్ద ఖరీదేం కాదు, ఒకటి తెప్పించు. నాన్నగారి చేలో గుచ్చు. నీళ్లు పెట్టిన రోజు, మర్నాడు, ఆ మర్నాడు ఎంత చూపించిందో నోట్‌బుక్‌లో రాసుకో. మీది నల్లరేగడి అయితే ఇంకా మంచిది, ఎందుకంటే అది ఆరితే నెర్రెలిస్తుంది, సెన్సార్ ఆ నెర్రెలో పడితే చుట్టూ మట్టి తగలక, జానెడు కింద తడి ఉన్నా సరే పొలం ఎండిపోయిందని చెబుతుంది. ఇంకొకటి కూడా చూస్తావు. ఆ రెండు పుల్లల సెన్సార్‌కి అదే పనిగా కరెంటు ఇచ్చి ఉంచితే కొన్నాళ్లకే పూత పోయి తుప్పు పట్టి రీడింగులు పిచ్చిపిచ్చిగా వస్తాయి. అందుకని రీడింగ్ తీసేటప్పుడు మాత్రమే పవర్ ఇచ్చి మిగతా టైమంతా ఆపేసేలా ప్రోగ్రామ్ మార్చాలి. ఇది యూట్యూబ్‌లో కూడా ఉంటుంది, చూసి చెప్పొచ్చు కూడా, కానీ తుప్పు పట్టిన పుల్ల చేత్తో పట్టుకుని చూసినవాడు చెప్పే తీరే వేరు, అది అవతల కూర్చున్నవాళ్లకి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది.

అప్పుడు నీ ఇంట్రడక్షన్ ఇలా ఉంటుంది: "ఐ స్టడీడ్ ఈసీఈ. మై ఫాదర్ గ్రోస్ చిల్లీస్. ఐ పుట్ మై ప్రాజెక్ట్ సెన్సార్ ఇన్ హిజ్ ఫీల్డ్. ఇట్ గేవ్ రాంగ్ రీడింగ్స్ ఫర్ టూ వీక్స్." నాలుగే వాక్యాలు, ఏడో క్లాసు ఇంగ్లిష్. ఆ తర్వాత ఎవరైనా "వై?" అని అడక్కుండా ఉండగలరా? వాళ్లు అడగబోయేది నువ్వే వాళ్ల నోట్లో పెట్టినట్టు. నాన్న రైతు అని ఒక్క ముక్క చెప్పి సిగ్గుపడుతూ దాటేశావు చూడు, నీ సరుకంతా అక్కడే ఉంది.

ఇంగ్లిష్ గురించి ఉన్నమాట చెబుతాను. ఫారిన్ క్లయింట్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగమైతే భాష చూస్తారు, చూసి తీరాలి. ఎంబెడెడ్‌కో (యంత్రాల్లో ఉండే చిప్‌లకి ప్రోగ్రామ్ రాసే పని), కోడింగ్‌కో, టెస్టింగ్‌కో తీసుకునేటప్పుడు 'డిడ్ నాట్ వర్క్' అనాల్సిన చోట 'డిడ్ నాట్ వర్క్‌డ్' అన్నావని నేను ఎవర్నీ పంపించేయలేదు. ముందు ఈ సంగతంతా అమ్మకి తెలుగులో చెప్పు. ఆవిడకి అర్థమైతే వరస కుదిరినట్టు. తర్వాత ఇంగ్లిష్‌లో చెబుతూ ఫోన్లో రికార్డు చేసి విను. మొదటిసారి నీ గొంతు నీకే నచ్చదు, అందరికీ అంతే, నాలుగోసారికి అలవాటవుతుంది.

తెలియని ప్రశ్న వస్తే? ఒకసారి ఒక అమ్మాయిని ఇంటరప్ట్‌ల గురించి అడిగాం, అంటే బటన్ లాంటిది నొక్కగానే చిప్ చేస్తున్న పని ఆపి దాన్ని వెంటనే అందుకునే ఏర్పాటు. "వాడలేదు సర్, డిలే పెట్టి నడిపించేశాను, అందుకే బటన్ నొక్కితే మూడు సెకన్లకి గానీ పని చేసేది కాదు" అంది. నిజానికి ఆ అమ్మాయి ఇంటరప్ట్ ఎందుకు కావాలో చెప్పేసింది, పేరు పెట్టకుండా. తీసుకున్నాం.

ప్రశ్న: నేను నాలుగేళ్లు సాఫ్ట్‌వేర్ మాన్యువల్ టెస్టింగ్‌లో చేశాను. 2019లో బాబు పుట్టాక మానేశాను, మళ్లీ ప్రయత్నిస్తున్నాను. మొన్న ఒక చోట మొదటి ప్రశ్న 'పిల్లలెంతమంది', రెండోది 'లేటయితే మీవారికి ఓకేనా'. మూడో ప్రశ్న రానేలేదు. గ్యాప్ కనబడకుండా రెజ్యూమేలో ఫ్రీలాన్స్ అని రాయమని ఒకరు సలహా ఇచ్చారు. రాయనా? (కూకట్‌పల్లి)

జవాబు: రాయకమ్మా. ఫ్రీలాన్స్ అంటే ఎవరికి చేశారు, ఎంత బిల్ చేశారు అని అడుగుతారు, అక్కడ దొరికిపోతే ఇన్నేళ్ల గ్యాప్ కన్నా అదే పెద్ద మచ్చ. ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా ఆగారో, ఎందుకు ఆగారో ఒక్క లైనులో రాసేయండి, దాని కిందే ఇప్పుడు ఏం నేర్చుకున్నారో రాయండి. నోటితో చెప్పాల్సి వస్తే ఇరవై సెకన్లు చాలు. సారీ అనకండి. ఇది చాలామంది ఆడవాళ్లలో చూశాను, "యాక్చువల్లీ సారీ సర్, గ్యాప్ వచ్చింది" అంటారు, స్కూలుకి లేటుగా వచ్చిన పిల్లల్లాగా. గ్రూప్స్ కోసం అశోక్‌నగర్ రూముల్లో ఐదేళ్లు గడిపి వచ్చిన మగపిల్లలు కూడా నా ముందు కూర్చున్నారు, ఒక్కడు సారీ చెప్పలేదు. పైగా "ప్రిపరేషన్‌లో ఉన్నాను మేడం" అని కాస్త గర్వంగానే చెప్పేవాళ్లు!

పాత టెస్టింగ్ ఒక్కటే చెబితే ఇప్పుడు కష్టం, ఆటోమేషన్, అంటే టెస్టులు ప్రోగ్రామే నడిపేలా రాయడం, అడుగుతారు. కోర్సు సర్టిఫికెట్ కన్నా ఒక పని చేసి చూపించండి. మీ బాబు స్కూలు ఫీజు ఏ యాప్‌లో కడుతున్నారు? దాన్నే తీసుకోండి. కట్టే బటన్ నొక్కాక నెట్ పోయింది, బ్యాంకులో డబ్బు కట్టయింది, యాప్‌లో మాత్రం 'డ్యూ' అనే ఉంది, కంగారులో ఇంకోసారి నొక్కితే రెండోసారి కూడా కట్టయింది. తల్లిగా మీకు వచ్చిన తలనొప్పి టెస్టర్‌గా చూస్తే బంగారంలాంటి టెస్ట్ కేస్. అలాంటివి ఓ ముప్పై రాయండి, అసలు యాప్ మీద మాత్రం స్క్రిప్టులు నడపకండి, ప్రాక్టీసు కోసం ఉండే డెమో సైట్లలో లాగిన్, పేమెంట్ దారులు సెలీనియం అనే టూల్‌తో ఆటోమేట్ చేసి, కోడ్ నలుగురూ చూసేలా గిట్‌హబ్ సైట్‌లో పెట్టండి. దాని మీదే అరగంట మాట్లాడొచ్చు.

ఇక పిల్లలెంతమంది అన్న ప్రశ్న. నేను కూడా అడిగాను ఆ ప్రశ్న, చాలా ఏళ్ల కిందట, ఎందుకు అడుగుతున్నానో ఒక్కసారి కూడా ఆలోచించకుండా. మగవాళ్లని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడిగితే మీరు దాన్ని పని వైపు తిప్పండి: "రిలీజ్ టైమ్‌లో ఆలస్యం గురించా అడుగుతున్నారు? దానికి ఇంట్లో ఏర్పాటు ఉంది. షిఫ్ట్ టైమింగ్స్ ఎలా ఉంటాయి?" నిజంగా ఏర్పాటు ఉంటేనే అనండి. రాత్రి షిఫ్ట్ కుదరదనుకుంటే అదీ అక్కడే చెప్పేయండి, చేరాక చెబితే ఇద్దరికీ ఇబ్బందే. మూడో ప్రశ్న అడగని చోటు గురించి మాత్రం బాధపడకండి, అక్కడ చేరితే రోజూ సాయంత్రం ఆరింటికి అదే ప్రశ్న ఇంకో రూపంలో వచ్చేది.

ప్రశ్న: అమీర్‌పేట హాస్టల్లో ఉంటున్నాను. కోర్సు అయ్యి ఎనిమిది నెలలు. ఫ్రెషర్‌కి పిలుపులే రావట్లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తామంటున్నారు, ఆఫర్ లెటర్, పేస్లిప్పులు అన్నీ వాళ్లే ఇస్తారు. రూమ్మేట్స్ ఇద్దరు పెట్టారు. ఇంటర్వ్యూలో ఎలా మేనేజ్ చేయాలో చెప్పండి.

జవాబు: చెప్పను. మేనేజ్ అవ్వదు కాబట్టి.

పీఎఫ్‌కి యూఏఎన్ అని, ఉద్యోగం మారినా మారని ఒకే నంబర్ 2014 నుంచి ఉంది. నువ్వు ఏ కంపెనీలో ఏ తేదీన చేరావు, ఏ తేదీన మానేశావు, నెలనెలా ఎంత జమ అయింది అన్నీ ఆ ఒక్క నంబర్ కింద ఉంటాయి, వెరిఫికేషన్ వాళ్లు ముందు అడిగేది అదే. టీడీఎస్, అంటే జీతంలోంచి ముందే పట్టుకునే పన్ను, కట్టయిందా లేదా ఇన్‌కం ట్యాక్స్ రికార్డుల్లో కనబడుతుంది. పీఎఫ్ కూడా మేమే కడతాం అనే ఘనులున్నారు, ఆ దొంగ కంపెనీ పేరు ఒకసారి బ్లాక్‌లిస్టులో పడితే దాని మీద చేరినవాళ్లందరూ ఒకేసారి బయటికొస్తారు, చేరి రెండేళ్లయినా సరే. లోన్ తీసుకుని, పెళ్లి కూడా కుదిరాక ఆ మెయిల్ వచ్చినవాణ్ని చూశాను.

వెరిఫికేషన్ దాకా ఎందుకు, గదిలోనే తెలుస్తుంది. మూడేళ్లు చేసినవాణ్ని నేను అడిగేది ఒక్కటే: "ప్రొడక్షన్‌లో ఆఖరుసారి ఏం పడిపోయింది, నీకు ఫోన్ ఎన్నింటికొచ్చింది?" ప్రొడక్షన్ అంటే కస్టమర్లు వాడుతున్న అసలు సిస్టమ్. నిజంగా చేసినవాడు ముందు ఒక నిట్టూర్పు విడుస్తాడు. తర్వాత ఆదివారం అనీ, మరదలి సీమంతం అనీ, బస్సులో లాప్‌టాప్ తెరిచాననీ, చివరికి చూస్తే సర్వర్లో డిస్కు నిండిపోయిందనీ చెబుతాడు. పెట్టించుకున్నవాడు "ఇష్యూ వచ్చింది సర్, రిజాల్వ్ చేశాం" అంటాడు. ఏ ఇష్యూ అంటే మళ్లీ అదే.

ఆ డబ్బు ఉంచుకో. డెవలపర్ అనే పేరు కోసం ఆగకుండా సపోర్టు, ఇంటర్న్‌షిప్, చిన్న కంపెనీలో తక్కువ జీతం, ఏదో ఒకటి నిజమైనది పట్టుకో, ఏడాది తిరిగేసరికి నీకూ ఒక ఆదివారం కథ ఉంటుంది. ఇంకొక మాట, ఇంటర్వ్యూకి ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, లాప్‌టాప్ డిపాజిట్ అని ఎవడు అడిగినా లేచి వచ్చేయ్. ఆన్‌లైన్‌లో ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్.

ప్రశ్న: బీఎస్సీ అగ్రికల్చర్ చేశాను, మాది అనంతపురం. బ్యాంకు ఆఫీసర్ పోస్టులకి పెట్టే ఐబీపీఎస్ పీవో మెయిన్స్ పాసయ్యాను, ఇంటర్వ్యూకి ఏం చదవాలి? కరెంట్ అఫైర్స్ ఆరు నెలలవి చాలా?

జవాబు: ముందు లెక్క. ఇంటర్వ్యూ 100 మార్కులకి, అందులో 40 శాతం రావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకి 35. ఫైనల్‌లో మెయిన్స్‌కి 80 వంతులు, ఇంటర్వ్యూకి 20. అంటే మెయిన్స్‌లో బాగా తెచ్చుకుంటే సగం గండం గడిచినట్టే, కానీ కోత దగ్గర నిలబడినవాళ్లకి ఈ ఇరవయ్యే తేడా చేస్తుంది.

కరెంట్ అఫైర్స్ చూడండి, కాకపోతే మీ చేతిలో అగ్రికల్చర్ డిగ్రీ ఉంటే వాళ్లు ముందు అడిగేది వ్యవసాయమే. "ఇది చదివి పీవోకి ఎందుకొచ్చారు, అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు ఉంది కదా?" దీనికి జవాబు నేనివ్వను, మీకే తెలియాలి. కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది, 3 లక్షల దాకా పంట రుణం 7 శాతం వడ్డీకి, గడువులోపు కడితే 3 శాతం తగ్గి 4కే పడుతుంది అని అందరూ చదువుకునే వస్తారు. తాకట్టు లేకుండా ఇచ్చే వ్యవసాయ రుణం పరిమితి 2025 జనవరి 1 నుంచి 1.6 లక్షల నుంచి 2 లక్షలకి పెరిగింది, ఇదీ చాలామంది చెబుతారు. తడబడేది ఇక్కడ: మామూలు అప్పు 90 రోజులు బాకీ పడితే ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, మరి వేరుశనగ రైతుది? స్వల్పకాలిక పంటకి రెండు పంట కాలాలు, దీర్ఘకాలిక పంటకి ఒక పంట కాలం. ఎందుకలా అని అడిగితే పుస్తకం అక్కర్లేదు, వర్షం లేక మీ వైపు ఖరీఫ్ పోయిన ఏడాది ఊళ్లో ఏం జరిగిందో చెప్పండి. మీ నాన్నో మేనమామో బ్యాంకులో ఎన్నిసార్లు తిరిగారు, ఏ కాగితం లేదని వెనక్కి పంపారు, ఇవి ఇంట్లో కూర్చుని అడిగి తెలుసుకోండి. ఆ సాయంత్రం మాటలు మ్యాగజైన్ కన్నా ఎక్కువ పనికొస్తాయి.

ఒక చిన్న గుంట చూసుకోండి. మీ జిల్లా గొప్పతనం చెప్పమంటే అలవాటులో లేపాక్షి, ధర్మవరం పట్టు, తిమ్మమ్మ మర్రిమాను అనేస్తారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక అవన్నీ శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. మీకు గుత్తి కోట ఉంది, రాయదుర్గం ఉంది. మిగిలింది "దేశంలో ఎక్కడ వేసినా వెళ్తారా" అన్న ప్రశ్న, వెళ్తాననే అంటారు అందరూ, మీరు ఇంట్లో ఒకసారి మాట్లాడుకుని మరీ అనండి.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. ఐటీఐ ఎలక్ట్రీషియన్, ఊళ్లో మోటార్లు, ఇళ్ల వైరింగ్ ఎనిమిదేళ్లుగా చేస్తున్న. వచ్చే నెల గల్ఫ్ కంపెనీ ట్రేడ్ టెస్ట్ ఉందక్కా, ఏమేం అడుగుతరు? ఏజెంట్ లక్షా ఇరవై వేలు అంటున్నడు.

జవాబు: తమ్ముడూ, డబ్బు సంగతి ముందు. రిజిస్టరైన ఏజెంటు మీ దగ్గర సర్వీస్ చార్జీ కింద తీసుకోగలిగింది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. రసీదు ఇవ్వాలి. అతను రిజిస్టరయ్యాడో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి, లేకపోతే అక్కడే ఆగిపోండి. తెలంగాణ ప్రభుత్వానికి టామ్‌కామ్ అని విదేశీ ఉద్యోగాల సంస్థ కూడా ఉంది, అక్కడ పేరు నమోదు చేసుకోండి.

టెస్ట్ గురించి నాకు తెలియదు గనక మా మేనమామ కొడుకుని, నాకు బావ అవుతాడు, అడిగాను. పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఫోర్‌మన్‌గా చేసి వచ్చాడు, తనే కుర్రాళ్లకి టెస్ట్ పెట్టేవాడట. ఆయన చెప్పింది ఇది: స్టార్-డెల్టా స్టార్టర్ కనెక్షన్ ఇవ్వమనడం మామూలు. మూడు కాంటాక్టర్లు, టైమరు, ఓవర్‌లోడ్ రిలే, మోటారు వైపు ఆరు తీగలు. కనెక్షన్ అందరూ ఇస్తారు, మార్కులు పోయేది ఇంటర్‌లాక్ దగ్గర. స్టార్, డెల్టా రెండూ ఒకేసారి పడితే షార్ట్ అవుతుంది, అది అడ్డుకోవడానికే ఇంటర్‌లాక్. స్టార్‌లో ఎందుకు మొదలుపెడతాం అంటే, నేరుగా డెల్టాలో వేస్తే లాగే కరెంటులో మూడో వంతే లాగుతుంది కాబట్టి. మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఎందుకు వాడతారు, ఎప్పుడు వాడకూడదు, అది కూడా చూసుకోండి (సప్లై ఉన్న లైను మీద పెట్టకూడదు).

కానీ బావ అన్నిటికన్నా ముందు చూసేది వేరే అట. మనిషి వచ్చి ప్యానెల్ ముందు నిలబడగానే చెయ్యి ఎక్కడికి పోతుంది? ఊళ్లో కరెంటు ఉండగానే జంపర్ వేసే అలవాటున్నవాడి చెయ్యి నేరుగా తీగ మీదికి పోతుంది. మెయిన్ ఆఫ్ చేసి, టెస్టర్ పనిచేస్తోందో లేదో ముందు లైవ్ పాయింట్ మీద చూసుకుని, తర్వాత ఈ తీగలో కరెంటు లేదని చూసుకుని, అప్పుడు ముట్టుకునేవాణ్ని సగం పని చూడకుండానే పాస్ చేసేవాడినన్నాడు. ఎనిమిదేళ్ల అలవాటు ఒక్కరోజులో మారదు, ఇవాళ్టి నుంచి ఊళ్లో మోటారు దగ్గర కూడా అలాగే చెయ్యండి. ప్రశ్నలు ఎక్కువగా హిందీలో ఉంటాయి, అది మీ వైపు వాళ్లకి కొత్తేం కాదు.

ప్రశ్న: 6 లక్షల ప్యాకేజీ అన్నారు. నెలకి 50 వేలు వస్తాయని ఇంట్లో చెప్పేశాను. ఫ్రెండ్ నవ్వుతున్నాడు. ఎందుకు? (విశాఖపట్నం)

జవాబు: ఎందుకంటే రాదు. ఉదాహరణకి బేసిక్ 25,000 అనుకుందాం, వేరియబుల్ (పనితీరును బట్టి ఇచ్చే భాగం) పది శాతం అనుకుందాం. 50,000లోంచి కంపెనీ కట్టే పీఎఫ్ 3,000, గ్రాట్యుటీ పేరున 1,200 చిల్లర, వేరియబుల్ 5,000 పక్కకి పోతాయి. మిగిలిందాంట్లో మీ వాటా పీఎఫ్ ఇంకో 3,000, ప్రొఫెషనల్ ట్యాక్స్ 200. చేతికొచ్చేది 37,600 దగ్గర. కొన్ని కంపెనీలు పీఎఫ్ 1,800 దగ్గరే ఆపుతాయి, అప్పుడు ఇంకో రెండు వేలకి పైగా కలుస్తుంది. ఈ జీతానికి కొత్త పద్ధతిలో ఇన్‌కం ట్యాక్స్ పడదు. కాబట్టి ఆఫర్ ఫోన్ వచ్చినప్పుడు "సంతోషం అండీ, జీతం బ్రేకప్ మెయిల్ చేయగలరా, వేరియబుల్ ఎంత, అది నెలకా ఏడాదికా" అని అడగండి, దీనికి ఎవరూ ఏమీ అనుకోరు. బాండ్ ఉందా, నోటీసు పీరియడ్ 30 రోజులా 90 రోజులా అన్నది కూడా సంతకం పెట్టకముందే. ఇంట్లో వాళ్లకి ఇవాళే చెప్పేయండి, మొదటి జీతం రోజున చెప్పడం కన్నా నయం.

ప్రశ్న: మా అబ్బాయికి మొదటి ఇంటర్వ్యూ, గచ్చిబౌలిలో. వాడు బయట అంతగా మాట్లాడడు. నేను కూడా ఖమ్మం నుంచి వెంట వెళ్లి హెచ్ఆర్ వాళ్లతో ఒక మాట చెబుదామనుకుంటున్నాను, వాడు వద్దంటున్నాడు. మీరేమంటారు?

జవాబు: అబ్బాయి మాటే వినండి సార్. ఒకసారి ఒక నాన్నగారు రిసెప్షన్ దాకా వచ్చి, "మావాడు తెలివైనవాడు, కాకపోతే మొహమాటం" అని నాకు చెప్పారు, ఆ పిల్లాడు అప్పుడు సోఫాలో కూర్చుని బూట్ల వైపు చూస్తున్నాడు, తర్వాత లోపలికొచ్చాక కూడా బూట్ల వైపే చూశాడు. ఆయన చెప్పింది నిజమే, అయినా నిమిషం ముందు ఆ మాట విన్నాక వాడికి ఇంకేం మిగులుతుంది?

వెంట వెళ్లాలనే ఉంటే వెళ్లండి, ముందు రోజు రాత్రికి హైదరాబాద్ చేరండి, పొద్దున గచ్చిబౌలి ట్రాఫిక్ మీకు తెలియదు కాబట్టి గంట ముందే బయల్దేరదీయండి. చొక్కా ఇస్త్రీ, సర్టిఫికెట్ల జిరాక్సులు రెండు సెట్లు, ఫోన్ చార్జింగు, ఇవి మీరు చూసుకోండి. గేటు దగ్గర దింపి ఎదురుగా ఏదైనా టీకొట్లో కూర్చోండి. బయటికి రాగానే "ఏమడిగారు, ఏం చెప్పావు" అని మొదలెట్టకుండా ముందు భోజనానికి తీసుకెళ్లండి. పప్పన్నం సగంలో వాడే చెబుతాడు.